వాలు మీద వచ్చిన నీళ్ళు: ముడసర్లోవ నుంచి ఏలేరు దాకా

విశాఖపట్నంలో పేటల పేర్లు వరసగా చదివితే ఆ ఊరి నీళ్ళు ఎక్కడ పుట్టి ఎటు పోయేవో తెలుస్తుంది. మాధవధార, సీతమ్మధార, సింహాచలం కొండ మీద గంగధార: ధార అంటే కొండరాతిలోంచి జారే ఊట. ముడసర్లోవ, ఆరిలోవ: లోవ అంటే కొండల నడుమ ఉన్న పల్లం. మేఘాద్రిగెడ్డ, నరవగెడ్డ: గెడ్డ అంటే కొండల్లో పుట్టి, వాన పడితే పొంగే ఏరు. ధార లోవలోకి దిగుతుంది, లోవల నీళ్ళు కలిసి గెడ్డ అవుతాయి, గెడ్డ పోయి ఉప్పుటేరులో కలుస్తుంది. విశాఖ రేవు వెలసింది ఆ ఉప్పుటేటి మీదనే. కొండ నుంచి కడలి దాకా నీరు దిగే దారిని ఉత్తరాంధ్ర జనం మూడు మాటల్లో చెప్పేశారు.

ఈ ఊటలకు కారణం ఇక్కడి రాయి. విశాఖ చుట్టూ ఉన్న కొండలు తూర్పు కనుమల్లో భాగం. వాటిలో ఎక్కువగా కనిపించేది ఖోండలైటు. కనుమల్లో నివసించే ఖోండు గిరిజనుల పేరు మీదుగా భూగర్భ శాస్త్రవేత్తలు ఈ రాతికి ఆ పేరు పెట్టారు. ఎండకూ వానకూ ఇది పై నుంచి క్రమంగా చివికి, ఎర్రగా, గుల్లగా మారుతుంది. వాన నీరు ఆ గుల్ల పొరలోకి ఇంకుతుంది. కింద చెక్కుచెదరని గట్టి రాయి తగిలాక ఇక దిగలేక, రాతి వాలు వెంట పక్కకు నడిచి, కొండ చరియ తెగిన చోట బయటపడుతుంది. వాన వెలిసిన చాలా రోజులకు కూడా ధార ఆగకపోవడానికి కారణం ఇదే. కొండే ఒక నీళ్ళ తొట్టి. దాని మీది చెట్లు వాన నీటి వేగాన్ని తగ్గించి ఇంకే వ్యవధి ఇస్తాయి. సింహాద్రి అప్పన్న అభిషేకానికి గంగధార నీళ్ళు తెచ్చేది ఇలాంటి ఊట నుంచే.

నీరు పల్లమెరుగు అన్న సామెతలో సగం శాస్త్రం ఉంది. మిగతా సగం లెక్క. నీటిమట్టానికీ కుళాయికీ మధ్య ఉన్న ఎత్తులో ప్రతి 10 మీటర్లకూ చదరపు సెంటీమీటరు మీద సుమారు ఒక కిలో ఒత్తిడి పుడుతుంది. 50 మీటర్ల ఎత్తున ఉన్న చెరువు నుంచి సముద్రమట్టానికి దగ్గరగా ఉన్న వీధిలోకి గొట్టం వేస్తే, ఆ గొట్టం చివర, నీరు కదలకుండా ఉన్నప్పుడు, 5 కిలోల ఒత్తిడి ఉంటుంది. కుళాయి తిప్పగానే అందులో కొంత గొట్టం గోడల రాపిడికి ఖర్చయిపోతుంది. సన్నగొట్టంలో ఈ ఖర్చు ఎక్కువ, లావుగొట్టంలో తక్కువ. గొట్టం ఎంత పొడవైతే అంత ఎక్కువ. ఊరికి నీళ్ళు తెచ్చే ఇంజినీరు చేతిలో ఉన్న పెట్టుబడి ఎత్తే. దాన్ని దారిలో ఎంత తక్కువ ఖర్చుచేసి, ఊరు చేరేసరికి ఎంత మిగిల్చాడన్నదే ఆయన పనితనం.

తెరిచి ఉన్న కాలువలో ఒత్తిడి ఉండదు, వాలు మాత్రమే ఉంటుంది. వాలు ఎక్కువైతే నీరు ఉరికి గట్లను కోసేస్తుంది. తక్కువైతే మందగించి ఒండ్రు దించేస్తుంది, నాచు పడుతుంది. ఈ రెంటికీ మధ్య ఉన్న ఇరుకు దారిని ప్రాచీన రోమనులు ఆశ్చర్యం గొలిపే కచ్చితత్వంతో పట్టుకున్నారు. ఫ్రాన్సులోని నీమ్ పట్టణానికి క్రీస్తుశకం మొదటి శతాబ్దంలో వాళ్ళు కట్టిన కాలువ పొడవు సుమారు 50 కిలోమీటర్లు, మొత్తం మీద దిగినది 12.6 మీటర్లు. అంటే కిలోమీటరుకు ఒక జానెడు. దూరదర్శిని యంత్రాలు లేని కాలంలో, నీటిమట్టం చూసే కొయ్యబల్లలతో ఇది సాధించారు.

కాలువకు అడ్డుగా లోయో ఏరో వస్తే మూడే మార్గాలు. మొదటిది, వాలు చెడకుండా కొండ నడుం చుట్టూ తిరిగి పోవడం. దూరం పెరుగుతుంది గాని కట్టడం తేలిక. రెండోది, ఏటి మీద కమానుల వంతెన కట్టి దాని మీద నీటిని దాటించడం. అక్విడక్టు అంటే ఇదే. నీమ్ కాలువ గార్ నదిని దాటే చోట రోమనులు కట్టిన మూడంతస్తుల వంతెన దాదాపు 49 మీటర్ల ఎత్తున నేటికీ నిలిచి ఉంది. మూడోది, ఏటి అడుగున మూసిన దారిలో నీటిని దించి అవతలి గట్టున మళ్ళీ పైకి రప్పించడం. రెండు గట్ల మధ్య మట్టంలో కొద్ది తేడా ఉంటే చాలు, కిందికి దిగిన నీరు ఆ ఒత్తిడితోనే అవతల లేస్తుంది. దీన్ని ఇంజినీర్లు సైఫన్ అంటారు. డెల్టా రైతులు ఇలాంటి అడుగుదారి కట్టడాలన్నిటినీ యూటీ అంటారు, అండర్ టన్నెల్ అన్న మాటకు అది పొట్టి రూపం.

తెలుగు నేలలో అక్విడక్టు అనగానే మొదట చెప్పుకోవలసింది కోనసీమలోని గన్నవరం గురించి. ధవళేశ్వరం ఆనకట్ట కట్టిన సర్ ఆర్థర్ కాటన్ హయాంలో, 1850ల తొలి ఏళ్ళలో, కెప్టెన్ హేగ్ దాన్ని కట్టించాడు. వైనతేయ గోదావరి పాయ మీదుగా 49 కమానులతో కాలువను దాటించి, అవతలి లంక భూములకు నీరందించిన కట్టడం అది. దాని స్థానంలో వచ్చిన కొత్త అక్విడక్టుకు, ఆ ఊళ్ళోనే జీవితమంతా అన్నదానం చేసిన డొక్కా సీతమ్మ గారి పేరు పెట్టారు. హంపీలో రాజప్రాసాదాల ఆవరణలోని మెట్ల కోనేటికి రాతి స్తంభాల మీద నిలిపిన తొట్టి కాలువ నీళ్ళు తెచ్చేది. హైదరాబాదులో 1908 నాటి మూసీ వరద తరువాత మోక్షగుండం విశ్వేశ్వరయ్య సలహాతో తలపెట్టిన ఉస్మాన్‌సాగర్ 1920లో పూర్తయింది. అక్కడి నుంచి ఆసిఫ్‌నగర్ శుద్ధి కేంద్రానికి నీరు ఏ యంత్రం సాయమూ లేకుండా, రాతి కాలువలో వాలు మీదనే చేరింది.

విశాఖలో ఈ పద్ధతికి తొలి రూపం ముడసర్లోవ జలాశయం. ఇరవయ్యో శతాబ్దం మొదలయ్యే రోజుల్లో, సింహాచలం, కంబాలకొండ వరసల మధ్య ఉన్న లోవకు అడ్డకట్ట వేసి దీన్ని కట్టారు. అప్పటి విశాఖ చిన్న ఊరు. రేవు పక్కన, కోట వీధుల్లో, కొండల కింద సముద్రానికి ఒరిగి ఉండేది. జలాశయం సముద్రమట్టానికి దాదాపు 50 మీటర్ల ఎత్తున, ఊరికి కొద్ది మైళ్ళ దూరంలోనే ఉంది. చుట్టూ అడవి. పైన ఊళ్ళు లేవు గనుక నీటిలో మురుగు కలిసే దారి లేదు. ఎత్తు, దగ్గర, శుభ్రం: ఊరికి నీళ్ళిచ్చే చోటుకు ఉండవలసిన మూడు గుణాలూ ఇక్కడ ఒకచోట కుదిరాయి. అలాంటి చోటు విశాఖకు మళ్ళీ దొరకలేదు. ఆ తరువాతి నూరేళ్ళ కథంతా ఈ మూడింటిలో ఏదో ఒకటి వదులుకోవలసి రావడమే.

1933 డిసెంబరు 19న రేవు ప్రారంభమైంది. తరువాత ఓడల నిర్మాణ కేంద్రం, నూనె శుద్ధి కర్మాగారం, నౌకాదళ స్థావరం వరసగా వచ్చాయి. ఊరు పెరిగింది, లోవ పెరగదు కదా. తరువాత చూసినవి ఊరి పక్కన పారే గెడ్డలు, ఉత్తరాన పారే గోస్తనీ. మేఘాద్రిగెడ్డ మీద కట్టిన జలాశయం విమానాశ్రయానికి దగ్గరలోనే ఉంది. దాని పూర్తి నీటిమట్టం 61 అడుగులు. దూరం చూస్తే ఇది వరమే. ఎత్తు చూస్తే కాదు. 61 అడుగులంటే 19 మీటర్ల లోపు. రేవు పక్కన పల్లపు నేలకు తప్ప, కొండ చరియల మీదికి పాకిన పేటలకు ఆ నీరు తనంతట తాను ఎక్కదు. దగ్గరి నీటికి కరెంటు కావాలి. విశాఖ నీటి చరిత్రలో ఈ పాఠం మళ్ళీమళ్ళీ ఎదురవుతుంది.

బొర్రా గుహల దగ్గర పుట్టి భీమునిపట్నం దగ్గర సముద్రంలో కలిసే గోస్తనీ మీద, 1960లలో తాటిపూడి జలాశయం కట్టారు. దాని పూర్తి మట్టం 297 అడుగులు. దిగువన ఏటి ఇసుకలో దించిన ఊటబావుల నుంచి కూడా నగరానికి నీళ్ళు తోడారు. పడమటి దిక్కున దేవరాపల్లి దగ్గర శారదా నది మీద రైవాడ జలాశయం వచ్చింది. పూర్తి మట్టం 114 మీటర్లు. విశాఖకు నీళ్ళిచ్చే పెద్ద జలాశయాల్లో ఎత్తయినది ఇదే. అక్కడి నుంచి నరవ వైపు నీరు కాలువ వాలు మీదనే వస్తుంది. కాని ఆ నీటి మీద ఆశ పెట్టుకున్న పొలాలు కాలువ పొడుగునా ఉన్నాయి. రైవాడ నీటిని సాగుకే వదలాలని అక్కడి రైతులు ఏళ్ళ తరబడి అడుగుతున్నారు. వాళ్ళు అడిగేది న్యాయమైనదే. వాలు ఎటుంటే నీరు అటు పోతుంది గాని, ఎవరికి చెందాలో వాలు చెప్పదు.

వీటన్నిటినీ మించిన పని ఉక్కు కర్మాగారంతో వచ్చింది. 1971 జనవరి 20న ఇందిరా గాంధీ శంకుస్థాపన చేశారు. 1992 ఆగస్టు 1న పి.వి. నరసింహారావు జాతికి అంకితం చేశారు. ఉక్కు తయారీకి నీరు ముడిసరుకు కాదు గాని, నీరు లేకుండా ఒక్క గంట కూడా నడవదు. ఊదుకొలిమి గోడల్లో, ద్రవ ఉక్కును దిమ్మెలుగా పోసే అచ్చుల చుట్టూ, పలకలూ కడ్డీలూ లాగే మరల మీద, వాయువులను కడిగే చోట, కర్మాగారం సొంత విద్యుత్తు కోసం ఆవిరి పుట్టించే చోట, అన్నిటా నీళ్ళే. ఎర్రగా కాలిన కోకును నీటితో కాక నత్రజనితో చల్లార్చే పద్ధతిని విశాఖ ఉక్కు మొదటినుంచీ పాటించింది. అందువల్ల నీరూ మిగులుతుంది, వేడీ తిరిగి పనికొస్తుంది. అంత పొదుపు చేసినా, అంతటి కర్మాగారానికి దగ్గర్లోని గెడ్డలు చాలవు.

అప్పుడు దృష్టి తూర్పు గోదావరి జిల్లా వైపు మళ్ళింది. మన్యం కొండల నుంచి దిగే ఏలేరు నది మీద, ఏలేశ్వరం దగ్గర కట్టిన జలాశయం నిల్వ సామర్థ్యం 24.11 టీఎంసీలు. ఒక టీఎంసీ అంటే సుమారు 2,831 కోట్ల లీటర్లు. పూర్తి నీటిమట్టం 86.56 మీటర్లు. నది పారేది దక్షిణానికి, పిఠాపురం మెట్టకు. విశాఖ ఉన్నది ఈశాన్యాన. నదికి ఎడమ పక్క నుంచి తీసిన కాలువ 153 కిలోమీటర్లు నడిచి ఉక్కునగరం చేరుతుంది. నీమ్ పట్టణపు రోమను కాలువకు ఇది మూడింతలు పొడవు. అయినా దీన్ని చూడడానికి ఎవరూ యాత్ర చేయరు, దీని బొమ్మ పాఠ్యపుస్తకాల్లో ఉండదు. విశాఖలో నీళ్ళ బిందె నింపుకొనే మనిషికి ఈ కాలువ పేరు తెలిసి ఉండాలి.

కనుమలకూ సముద్రానికీ మధ్య ఉన్న సన్నని మైదానంలో ఈ కాలువ నడుస్తుంది. ఇక్కడి నదులన్నీ కనుమల్లో పుట్టి, సముద్రం వైపు అడ్డంగా పారతాయి. కాలువ మాత్రం తీరానికి సమాంతరంగా పోవాలి. అందుకే తాండవ, వరాహ, శారద అన్నీ దానికి దారిలో తగులుతాయి. వాటి మధ్య పేరున్న గెడ్డలూ పేరులేని వాగులూ లెక్కలేనన్ని. ప్రతి చోటా ఇందాక చెప్పిన ప్రశ్నే: పైన దాటడమా, కింద దాటడమా, చుట్టి పోవడమా? వానకాలంలో ఒక్క రాత్రిలో నిండే గెడ్డలు గనుక, వరద పోవడానికి చాలినంత సందు వదలకపోతే గెడ్డ కాలువలోకే వస్తుంది, గట్టు తెగుతుంది. కాలువ కట్టడంలో తవ్వకం కన్నా ఈ దాటింపుల లెక్కే కష్టం.

వాలు లెక్క చూద్దాం. 5,000 మీటర్లకు ఒక మీటరు చొప్పున దించితే 153 కిలోమీటర్లకు సుమారు 31 మీటర్ల ఎత్తు ఖర్చవుతుంది. వాలును రెట్టింపు చేస్తే 61 మీటర్లు పోతుంది. జలాశయం నిండుగా ఉన్నప్పటి మట్టమే 86 మీటర్లని గుర్తుంచుకుంటే, దారిలో ఒక్కో మీటరు ఎంత విలువైనదో తెలుస్తుంది. అలాంటి మెత్తని వాలు మీద నీరు మనిషి నడక కన్నా నెమ్మదిగా పోతుంది. సెకనుకు 60 సెంటీమీటర్ల వేగం అనుకుంటే, ఏలేశ్వరంలో తూము ఎత్తిన నీరు విశాఖ చేరడానికి దాదాపు మూడు రోజులు. ఇవాళ అవసరమైన నీరు మూడు రోజుల కిందట బయలుదేరి ఉండాలి. మధ్యలో గట్టు తెగినా, మరమ్మతుకు కాలువ ఆపినా కొలిమి ఆగకూడదు గనుక కర్మాగారానికి కాలువ చివర కణితి దగ్గర బాలెన్సింగ్ జలాశయం ఉంది. నిదానంగా వచ్చే నీటికీ నిమిషం ఆగని మరకూ మధ్య అది మధ్యవర్తి.

పరవాడలోని ఎన్‌టీపీసీ సింహాద్రి విద్యుత్కేంద్రం యంత్రాలను సముద్రపు నీటితో చల్లబరుస్తుంది, మంచినీటికి మాత్రం ఈ కాలువనే వాడుకుంటుంది. మహా విశాఖ నగరపాలక సంస్థ కూడా తన వాటా దీని నుంచే తీసుకుంటుంది. ఇంతమంది చేతులు చాచాక ఏలేరు ఒక్కటే సరిపోలేదు. 2000 తరువాతి దశాబ్దంలో విశాఖ పారిశ్రామిక నీటి సరఫరా పథకం కింద, రాజమండ్రి పక్కన కాతేరు దగ్గర గోదావరి నీటిని పంపులతో ఎత్తి, 56 కిలోమీటర్ల గొట్టపు మార్గంలో తెచ్చి ఏలేరు కాలువలో కలిపారు. గోదావరిలో నీటికి కొదవ లేదు, ఎత్తుకు కొదవ. ధవళేశ్వరం ఆనకట్ట వెనుక నిలిచే నీటి మట్టం సుమారు 14 మీటర్లే.

ఎత్తడం అంటే ఎంత ఖర్చో లెక్క కట్టవచ్చు. వెయ్యి లీటర్ల నీటిని 100 మీటర్లు ఎత్తడానికి కనీసం 0.27 యూనిట్ల విద్యుత్తు కావాలి. పంపులో, మోటారులో పోయే నష్టాలు, గొట్టంలో రాపిడి కలుపుకుంటే 0.4 యూనిట్ల దాకా అవుతుంది. చూడడానికి చిన్న అంకె. రోజుకు కోటి లీటర్లకు అది 4,000 యూనిట్లు, ఏడాదికి 14 లక్షల పైచిలుకు. నగరం వాడేది కోటి లీటర్లు కాదు, కోట్ల లీటర్లు. వాలు మీద వచ్చే నీటికి ఈ బిల్లు రాదు. కాలువ తవ్విన ఖర్చు ఒక్కసారి, పంపు ఖర్చు ప్రతి రోజూ.

బిల్లు ఒక్కటే కాదు. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుపాను విశాఖ మీదనే తీరం దాటింది. కరెంటు స్తంభాలూ టవర్లూ నేలకూలి నగరం రోజుల తరబడి చీకట్లో ఉండిపోయింది. పంపులు ఆగాయి, పంపులతో పాటే కుళాయిలూ ఆగాయి. జలాశయాల్లో నీళ్ళు ఉండి కూడా ఇళ్ళకు చేరలేదు. జనరేటర్లు పెట్టి, ట్యాంకర్లు తిప్పి నెట్టుకొచ్చారు. తుపానులు తప్పని తీరంలో, ఎంత నీరు వాలు మీద ఇంటిదాకా వస్తుందన్నది ప్రాణావసరమైన ప్రశ్న.

అందుకే నగరం లోపల కూడా వాలునే నమ్ముకుంటారు. శుద్ధి చేసిన నీటిని ఎత్తయిన ట్యాంకుల్లో నింపి, అక్కడి నుంచి వీధుల్లోకి వదులుతారు. శుద్ధి కేంద్రమూ మెట్లలాగే ఉంటుంది. మడ్డి తేరుకునే తొట్టి కన్నా ఇసుక పొర కిందికి, దాని కన్నా శుభ్రమైన నీటి తొట్టి ఇంకా కిందికి. ఉక్కు కర్మాగారాల్లో ఊదుకొలిమికి పైన అత్యవసర నీటి ట్యాంకు ఉంచుతారు. కరెంటు పోయి పంపులు ఆగినా, పైనున్న నీరు తన బరువుతో దిగి కొలిమిని చల్లగా ఉంచుతుంది.

తెరిచిన కాలువకు లోపాలు లేవని కాదు. ఎండకు నీరు ఆవిరవుతుంది, గట్లలోంచి ఊరిపోతుంది, గుర్రపుడెక్క పెరుగుతుంది, దారి పొడుగునా ఊళ్ళ చెత్త పడుతుంది, కొన్ని చోట్ల మోటార్లు వేసి తోడుకుంటారు. అందుకే ఏలేరు నుంచి నగరానికి మూసిన గొట్టం వేయాలన్న ప్రతిపాదన చాలా కాలంగా ఉంది. గొట్టంలో నీరు కలుషితం కాదు, దొంగతనం తగ్గుతుంది. కాని గొట్టంలో రాపిడి ఎక్కువ. ఎత్తు చాలని చోట పంపు పెట్టవలసి వస్తుంది. లైనింగు బాగుచేసి, గట్లు కాపాడి, ఊళ్ళ దగ్గర మాత్రం మూత వేస్తే ఇప్పుడున్న కాలువలోనే చాలా నీరు మిగులుతుంది. కొత్త గొట్టం కన్నా ముందు జరగవలసిన పని అదే.

ముడసర్లోవ ఇంకా ఉంది. 2018లో దాని నీటి మీద 2 మెగావాట్ల తేలియాడే సౌర విద్యుత్ పలకలు పరిచారు. పలకల నీడ వల్ల ఆవిరయ్యే నీరు కొంత తగ్గుతుంది. ఒకప్పుడు అడవి తప్ప మరేమీ లేని ఆ లోవ చుట్టూ ఇప్పుడు నగరం చేరింది. దాని పరీవాహక కొండలను ఇళ్ళకూ క్వారీలకూ వదలకుండా కాపాడుకోవడం నగరం చేతుల్లోనే ఉంది. ఏ ఖర్చూ లేకుండా నీరిచ్చే చోటు అది.

ముందుకాలానికి విశాఖ చూస్తున్నది గోదావరి మీది పోలవరం ప్రాజెక్టు వైపు. ఆ ప్రాజెక్టు కేటాయింపుల్లో విశాఖ నగరానికీ పరిశ్రమలకూ 23.44 టీఎంసీలు ఉన్నాయి. దాదాపు ఏలేరు జలాశయం నిండితే నిలిచే నీరంత. తెచ్చేది సుమారు 180 కిలోమీటర్ల ఎడమ ప్రధాన కాలువ. పోలవరం పూర్తి నీటిమట్టం 45.72 మీటర్లు, అంటే ఏలేరు కన్నా దాదాపు 41 మీటర్లు తక్కువ. ఆ కాలువ వాలు ఏలేరు కాలువ కన్నా చాలా పొదుపుగా ఉండాలి. అనకాపల్లి వైపు చేరేసరికి మిగిలే ఎత్తు కొద్దిపాటిది. అక్కడి నుంచి కొండ పేటల దాకా ఆ నీటిని మళ్ళీ పంపులే ఎత్తాలి.